మగ్గం ఆగిన రోజులు

“మంచి కణాలు ఎక్కించి బాగుచేస్తమంటున్నరు కదా సార్. మరి అంతకు ముందు గింత గట్టి మందు పెట్టి మనిషిని పడగొట్టుడు ఎందుకు?”

సోలాపూర్ పూర్వ్ భాగ్‌లో ఒక ఇల్లు మూలకణ మార్పిడికి, అంటే స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్‌కు సిద్ధమవుతోందంటే, ఆ ఇంట్లో ఎవరో ఒకరికి ఈ అనుమానం రాక మానదు. దీని వెంబడే ఇంకో ప్రశ్న ఉంటుంది. దాన్ని పైకి అడిగేవాళ్లు తక్కువ. మందులు ఆస్పత్రివి, యంత్రాలు ఆస్పత్రివి, మరి మా చేతుల్లో ఏముంది? ఈ అధ్యాయంలో రెండింటినీ కలిపే చూద్దాం. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే. రోగి పక్కన ఉండే మనిషికి అన్నిటికన్నా ముందు కావలసింది ఒక లెక్క అని నా నమ్మకం. ఏ మందు ఏ రోజున రక్తంలో దేన్ని తగ్గిస్తుంది, అది మళ్లీ ఎప్పుడు పెరుగుతుంది అన్న లెక్క. “ధైర్యంగా ఉండండి” అని నలుగురూ చెప్పే మాటకన్నా ఆ లెక్కే ఎక్కువ ధైర్యమిస్తుంది.

నడుం నొప్పి అనుకున్నది

సాఖర్ పేట, భవానీ పేట, అశోక్ చౌక్ గల్లీల్లో నడిస్తే మగ్గాల చప్పుడుతో పాటు తెలుగు వినిపిస్తుంది. కరీంనగర్, నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు నుంచి తరాలుగా వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు దుప్పట్లు, టవళ్లు నేసి ఈ ఊరికి పేరు తెచ్చారు. మగవాళ్లలో చాలామంది పవర్‌లూమ్ కార్ఖానాకు పోతే, ఆడవాళ్లలో చాలామంది ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. రెండు పనులూ నడుమునే తింటాయి. అందుకే ఇక్కడ నడుం నొప్పిని ఎవరూ జబ్బుగా లెక్కలో వేసుకోరు. మెడికల్ షాపులో నొప్పి గోలీ కొనుక్కుని మళ్లీ పనిలో కూర్చుంటారు.

ఆ నొప్పుల్లో నూటికి తొంభై పైగా నిజంగానే పని నొప్పులు. అరుదుగా ఒకటి మాత్రం ఎముక లోపలి నుంచి వస్తుంది. ఎముకల లోపల మెత్తగా ఉండే మజ్జలోనే మన రక్తకణాలన్నీ పుడతాయి. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలూ అక్కడే కాపురం ఉంటాయి. వాటిలో ఒకటి అదుపు తప్పి తనలాంటివాటినే పుట్టించుకుంటూ పోతే వచ్చే జబ్బు మల్టిపుల్ మైలోమా. మనం మజ్జ క్యాన్సర్ అని చెప్పుకుందాం. ఆ కణాలు మజ్జలో చోటంతా ఆక్రమించి రక్తం పుట్టనివ్వవు, అందుకని మనిషి పాలిపోతాడు. ఎముకను కరిగిస్తాయి, అందుకని నడుము నొస్తుంది, ఒక్కోసారి చిన్న కుదుపుకే వెన్నుపూస విరుగుతుంది. అవి తయారుచేసే పనికిరాని ప్రొటీను మూత్రపిండాలను పూడ్చేస్తుంది. నడుం నొప్పికని నెలల తరబడి మింగిన గోలీలు అదే మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. నలభై దాటిన మనిషికి నెలలుగా తగ్గని నడుం నొప్పి, దానితో పాటు రక్తం తక్కువ, ఆయాసం, మూత్రపిండాల పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువ ఉంటే ఎక్స్‌రేతో ఆగిపోకూడదు. రక్తంలో ప్రొటీను పరీక్ష అడగాలి.

ఈ అధ్యాయంలో ఉదాహరణకు ఈ జబ్బునే తీసుకుంటున్నాను. రోగి సొంత మూలకణాలతో చేసే మార్పిడి ఎక్కువగా జరిగేది దీనికే. లుకేమియా వంటి రక్త క్యాన్సర్లలో ఇంకొకరి కణాలు కావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలు ఉన్న ఇళ్లలో తల్లో తండ్రో, మేనత్త కొడుకో కలిసే సందర్భాలూ ఉంటాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో డాక్టరుకు పూర్తిగా చెప్పడానికి మొహమాటపడకూడదు. అక్కడ ఆ వివరం నిజంగా పనికొస్తుంది.

సోలాపూర్ వాళ్లకు దారి మరీ చీకటిగా ఏమీ లేదు. జిల్లాలోనే బార్శీలో నర్గిస్ దత్ స్మారక క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. దేశంలో పల్లెల కోసం పెట్టిన మొట్టమొదటి క్యాన్సర్ నమోదు కేంద్రం 1987లో మొదలైంది ఆ బార్శీలోనే. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబై. అక్కడి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ బృందం 1983 మార్చి 20న తొమ్మిదేళ్ల పాపకు మజ్జ మార్పిడి చేసింది. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు టాటా వారి మార్పిడి విభాగం నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగు తప్ప ఇంకో భాషలో బాధ చెప్పుకోవడం రాకపోతే హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ చికిత్స చేస్తారు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునేటప్పుడు భాషను చిన్న విషయంగా కొట్టిపారేయొద్దని నా మనవి. అర్ధరాత్రి నోరు పుండ్లయిన మనిషి ఎక్కడ ఎలా నొస్తుందో చెప్పేది తల్లి భాషలోనే.

ఇంట్లో గడిచే నెలలు

మార్పిడికి ముందు కీమో రెండు విడతలు. మొదటిది నెమ్మదిగా, నాలుగు నెలలో ఆరు నెలలో ఇంటి నుంచే నడుస్తుంది. క్యాన్సర్ కణాల సంఖ్యను వీలైనంత తగ్గించడం దీని పని. రెండోది ఆస్పత్రిలో ఒకటి రెండు రోజుల్లో అయిపోయే గట్టి దెబ్బ. అందరూ భయపడేది రెండోదానికి. ఇంటివాళ్ల పని ఎక్కువ ఉండేది మాత్రం మొదటిదాంట్లో.

మజ్జ క్యాన్సర్‌కు సాధారణంగా మూడు మందులు కలిపి ఇస్తారు. వారానికోసారి పొట్ట చర్మం కింద వేసే బోర్టెజోమిబ్ సూది, లెనాలిడమైడ్ గోళీ, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఒక్కో మందుకు ఒక్కో స్వభావం ఉంది. పక్కనున్న మనిషి వాటిని పోల్చుకోవడం నేర్చుకోవాలి.

బోర్టెజోమిబ్ నరాల చివరలను దెబ్బతీయవచ్చు. మొదట కాలివేళ్లలో, తర్వాత చేతివేళ్లలో తిమ్మిరి, మంట. రోజంతా తెగిన పోగులను ముడివేసే మనిషికి, దారంతో బీడీ మూతి కట్టే మనిషికి వేలి కొసలే జీవనాధారం. అయినా ఆ మాట డాక్టరుకు చెప్పరు, చెబితే మందు ఆపేస్తారేమోనని భయం. ఆపడం దాకా పోనక్కర్లేదు. మోతాదు తగ్గించవచ్చు, సూదికీ సూదికీ మధ్య ఎడం పెంచవచ్చు. ఆలస్యం చేస్తేనే ఆ తిమ్మిరి నిలిచిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి రెండు రోజులకోసారి ఇంట్లో చిన్న పరీక్ష పెట్టండి. కళ్లు మూసుకోమని వేళ్ల మధ్య ఒక నూలు పోగు పెట్టి “తెలుస్తోందా బాపూ?” అని అడగండి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎక్కువ సేపు పడుతోందా, చెప్పు జారిపోయినా తెలియడం లేదా గమనించండి. పెద్ద యంత్రాల పరీక్షకన్నా ముందే ఇవి మార్పును పట్టిస్తాయి.

స్టెరాయిడ్ వేసుకున్న రోజు మనిషికి నిద్ర పట్టదు, కోపం వస్తుంది, ఆకలి వేస్తుంది, షుగరు పెరుగుతుంది. అది దిగిపోయిన మూడో రోజు ఏడుపు వస్తుంది. ఎన్నడూ మాట తూలని అత్తమ్మ కోడలి మీద అరిస్తే ఆ కోడలు క్యాలెండర్ చూడాలి. అది గోలీ వేసుకున్న రోజైతే ఆ మాటను మనసులో పెట్టుకోకూడదు. ఈ మందును పొద్దున్నే టిఫిన్‌తో వేయిస్తే రాత్రి నిద్రకు కొంత మేలు. లెనాలిడమైడ్ గోళీని గర్భంతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు, ఎవరూ విప్పి పొడి చేయకూడదు, అది కడుపులో బిడ్డకు అపాయం. ఒకే గదిలో మూడు తరాలు ఉండే ఇంట్లో ఈ మాట మొదటి రోజే అందరికీ చెప్పాలి. అక్కి రాకుండా ఇచ్చే ఎసైక్లోవిర్ గోలీని అది చిన్నదే కదా అని మానేయడం ఎక్కువగా జరిగే పొరపాటు.

ఇక గాలి. మగ్గం ఉన్న ఇంట్లో నూలు దుమ్ము, బీడీలు చుట్టే ఇంట్లో పొగాకు పొడి. తునికాకును తడిపి గోనెలో చుట్టిపెడితే దానిమీద బూజు పెరగడానికి ఎక్కువ సమయం పట్టదు. బూజుల్లో ఆస్పర్‌జిల్లస్ అనే జాతి ఉంది. దాని కంటికి కనిపించని విత్తులను మనమందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. తెల్లకణాలు వాటిని ఊపిరితిత్తుల్లోనే మింగేస్తాయి. తెల్లకణాలు లేని మనిషిలో అవే విత్తులు మొలకెత్తి ఊపిరితిత్తిని తినేస్తాయి. రోగి పడుకునే గదిలో ఆకు, పొగాకు, నూలు కండెలు ఉండకూడదు. ఊడ్చేటప్పుడు రోగిని బయటికి పంపి, తడిగుడ్డతో తుడవాలి. పక్కింట్లో గోడ కొడుతుంటే ఆ నాలుగు రోజులు చుట్టాలింట్లో ఉంచడం మంచిది. కూలగొట్టిన పాత గోడల దుమ్ములో ఈ బూజు ఎక్కువ. కుంభారి దగ్గర బీడీ కార్మికుల కోసం కట్టిన పదివేల ఇళ్ల కాలనీ లాంటి చోట్ల ఇల్లే చిన్నది, వేరే గది అనే మాటే ఉండదు. అక్కడ చేయగలిగింది బీడీ పనిని కొన్నాళ్లు పొరుగింటి అరుగుకు మార్చడం. పొరుగువాళ్ల సాయం ఈ రూపంలో అడగాలి.

నీళ్ల సంగతి సోలాపూర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉజని డ్యామ్ నీళ్లు నల్లాలో రోజూ రావు, వచ్చినప్పుడు పట్టి డ్రమ్ముల్లో దాస్తారు. మజ్జ క్యాన్సర్ రోగి మూత్రపిండాల కోసం డాక్టరు చెప్పినంత నీళ్లు, చాలామందికి రోజుకు రెండు మూడు లీటర్లు, తాగాలి. ఆ నీళ్లు తెర్లకాచి చల్లార్చినవై, మూత ఉన్న పాత్రలో ఉండాలి. చెంబు ముంచి తీయకూడదు, నల్లా ఉన్న పాత్ర అయితే మేలు.

తిండి విషయంలో మన ఇళ్లలో భయం ఎక్కువ. పండ్లు పెట్టొద్దు, పెరుగు పెట్టొద్దు, అన్నీ మానిపించాలి అంటారు. 2023లో ఇటలీ వైద్యులు అచ్చం మార్పిడి రోగుల మీదే ఈ సంగతి తేల్చడానికి ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరికి కఠిన పథ్యం పెట్టారు, కొందరికి శుభ్రంగా వండిన మామూలు తిండి పెట్టారు. ఇన్ఫెక్షన్లు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా వచ్చాయి. నిషేధాల జాబితాకన్నా శుభ్రత ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది. అప్పటికప్పుడు వండింది, బాగా ఉడికింది, కడిగిన చేతులతో పెట్టింది తినవచ్చు. మీ ఆస్పత్రి నియమం వేరుగా ఉంటే దాన్నే పాటించండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఎవరో చెప్పారని తిప్పతీగ కషాయం పోయొద్దు. దాంతో కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి 2021లో ముంబై వైద్యులే రాశారు. కీమో మందుల్లో చాలావాటిని శరీరం విరుగగొట్టేది ఆ కాలేయంలోనే.

కణాలను దాచుకోవడం

మొదటి విడత ఫలించాక ఆస్పత్రి వాళ్లు రోగి మూలకణాలను తీసి దాస్తారు. మూలకణం అంటే ఎర్రకణం, తెల్లకణం, ప్లేట్‌లెట్ ఏది కావాలంటే అది పుట్టించగల తల్లి కణం. మామూలుగా అవి మజ్జను వదిలి రావు. నాలుగైదు రోజులు ఒక సూది వేస్తే రక్తంలోకి పొంగి వస్తాయి. ఆ రోజుల్లో నడుము, తుంటి, రొమ్ము ఎముకలు గట్టిగా నొస్తాయి. మజ్జ జోరుగా పనిచేస్తోందనడానికి అది గుర్తు. జబ్బు తిరగబెట్టిందేమోనని రోగి వణికిపోతాడు, ముందే చెప్పి ఉంచితే ఆ రాత్రులు తేలిగ్గా గడుస్తాయి. తర్వాత రక్తాన్ని ఒక చేతి నుంచి యంత్రంలోకి పంపి, మూలకణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యలో పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటే నర్సుకు చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు కాల్షియంను పట్టుకోవడం వల్ల అలా అవుతుంది, కాల్షియం ఇస్తే పోతుంది.

తీసిన కణాలను గడ్డకట్టించి దాస్తారు. మన దేశంలో చాలాచోట్ల, మజ్జ క్యాన్సర్ వాళ్లకు, కొద్ది రోజులే కదా అని ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచుతారు. దానివల్ల ఖర్చు బాగా తగ్గింది. గడ్డకట్టించిన కణాలు ఎక్కిస్తే వాటిలో కలిపిన రక్షక ద్రవం వల్ల ఒకటి రెండు రోజులు రోగి ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. మనవరాలు ముక్కు మూసుకుని దూరం జరిగితే ఆ ముసలి ప్రాణం చిన్నబోతుంది, కాబట్టి పిల్లలకూ చెప్పి ఉంచండి.

ఐసు ముక్కల పూట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. క్యాన్సర్ కణాలను ఇంకా లోతుగా తుడిచేయాలంటే మందు మోతాదు బాగా పెంచాలి. అంత మోతాదు క్యాన్సర్‌తో పాటు మజ్జలోని మంచి కణాలనూ తుడిచేస్తుంది, రక్తం పుట్టక ప్రాణం మీదికి వస్తుంది. ముందే మూలకణాలు దాచుకుని ఉంటే ఆ మోతాదు ఇచ్చి, మందు శరీరం నుంచి వెళ్లిపోగానే కణాలను తిరిగి ఎక్కించవచ్చు. కాబట్టి సొంత కణాల మార్పిడిలో జబ్బును కొట్టేది కీమోనే. ఎక్కించే కణాలు ఆ కీమో దెబ్బ నుంచి మనిషిని కాపాడతాయి. “మార్పిడితో నయమవుతుంది” అని చుట్టాలు అనుకుంటారు కానీ అసలు చికిత్స దానికి ముందు రోజే జరిగిపోతుంది.

ఆ మందు పేరు మెల్ఫలాన్. దాని పుట్టుక ఒక యుద్ధంలో ఉంది. 1943 డిసెంబర్ 2న ఇటలీలోని బారి రేవు మీద జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. అక్కడ ఆగి ఉన్న అమెరికా ఓడ జాన్ హార్వీలో రహస్యంగా తెచ్చిన మస్టర్డ్ విషం నీళ్లలో కలిసింది. దాని బారినపడ్డవాళ్లను పరీక్షిస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి. అంతకు ఏడాది ముందే అమెరికాలోని యేల్‌లో ఆ విషానికి దగ్గరి రసాయనాన్ని రక్త సంబంధ క్యాన్సర్ మీద ప్రయోగించి చూశారు. ఆ వంశంలోనిదే మెల్ఫలాన్, లండన్‌లో 1950లలో తయారైంది. దాన్ని భారీ మోతాదులో మజ్జ క్యాన్సర్‌కు ఇచ్చిన ఫలితాలను అక్కడి వైద్యులే 1983లో ప్రచురించారు, ముంబైలో మొదటి మార్పిడి జరిగిన ఏడాదే. ఇంకొకరి మజ్జతో రక్తం పుట్టించవచ్చని 1950ల నుంచి పట్టుబట్టి నిరూపించిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది.

మెల్ఫలాన్ ఎక్కించేది అరగంట, కాస్త అటూ ఇటూ. ఆ అరగంటలో పక్కనున్న మనిషి చేతిలో నిజమైన వైద్యం ఉంటుంది, ఐసు ముక్కల రూపంలో. మందు మొదలవడానికి కొన్ని నిమిషాల ముందు నుంచి, అయిపోయాక నర్సు చెప్పినంత సేపు రోగి నోట్లో ఐసు ఉండాలి. చలికి నోటిలోపలి సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం తక్కువ వస్తే రక్తంలోని మందూ తక్కువే వస్తుంది. మెల్ఫలాన్ కొన్ని గంటల్లోనే రక్తం నుంచి దాదాపు పోతుంది కాబట్టి ఈ ఉపాయం పనిచేస్తుంది. నోటి పూత తీవ్రతను ఇది బాగా తగ్గిస్తుందని ఎన్నో పరీక్షల్లో తేలింది. కానీ పది నిమిషాలకే పళ్లు జివ్వుమంటాయి, దవడ లాగుతుంది, రోగి “చాలు బిడ్డా” అంటాడు. బుజ్జగించి, ఇంకో ముక్క పెట్టి, నాలుక కిందికి కూడా తిప్పించి, గడియారం చూస్తూ ఆ గంటో గంటన్నరో దాటించాలి. ఐసు ఆస్పత్రి వాళ్లు ఇచ్చిందే కావాలి, బయటి దుకాణం ఐసు పనికిరాదు. ఇందులో తోడున్నవాళ్ల ఓపికకు వచ్చే ఫలితం రోగి వారం తర్వాత మింగే ప్రతి గుక్కలో తెలుస్తుంది.

మర్నాడో ఆ మర్నాడో దాచిన కణాలను సంచి నుంచి సెలైన్‌లా ఎక్కిస్తారు. ఆపరేషన్ ఉండదు, కోత ఉండదు. దాన్ని సున్నా రోజు అంటారు.

మగ్గం ఆగినప్పుడు

ఈ తర్వాతి రోజులను అర్థం చేసుకోవడానికి నేతవాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. పడుగులో పాడైన నూలు వచ్చిందనుకోండి. నేస్తూ నేస్తూ ఒక్కో పోగును ఏరి బాగుచేయడం అయ్యేపని కాదు. పడుగు చుట్టిన బీమునే దించేస్తారు. కొత్త బీము పెట్టి, మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే అతుకుతారు. అతుకుతున్నంత సేపూ మగ్గం కదలదు, ఒక్క అంగుళం బట్ట రాదు. కొత్తగా చూసేవాడికి పని ఆగిపోయినట్టే ఉంటుంది. ఆ ఇంటి మనిషికి మాత్రం తెలుసు, వేల పోగుల పని జరుగుతోందని, తొందరపెడితే ముడులు వదులవుతాయని.

ఎక్కించిన మూలకణాలు రక్తంలో తిరిగి తిరిగి మజ్జను చేరుకుని అక్కడ కుదురుకోవాలి, పెరగాలి, కొత్త కణాలను పుట్టించాలి. దానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా పాత రక్తకణాలు వయసు తీరి రాలిపోతుంటాయి. ఎర్రకణం నాలుగు నెలలు బతుకుతుంది కాబట్టి రక్తం మరీ వేగంగా తగ్గదు. ప్లేట్‌లెట్ ఎనిమిది పది రోజులే. ముందు వరుసలో పోరాడే న్యూట్రోఫిల్ తెల్లకణానికి ఆయుష్షు కొన్ని గంటల నుంచి కొద్ది రోజులు. అందుకే మందు ఇచ్చిన రోజు, మర్నాడు మనిషి బాగానే కనిపిస్తాడు. “ఏమీ కాలేదు కదా” అని ఇంటికి ఫోన్లు వెళ్తాయి. ఐదో రోజు నుంచి అన్నీ కలిసి వస్తాయి. నోటి పూత, విరేచనాలు, రుచి తెలియకపోవడం, తల ఎత్తలేని నీరసం. రెండో వారంలో జుట్టు రాలుతుంది. ఈ వరుస ముందే తెలిసిన కొడుకు ఏడో రోజున “పరిస్థితి విషమించింది” అనుకోడు, “ఇది ఏడో రోజు” అనుకుంటాడు.

న్యూట్రోఫిళ్లు మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గితే జ్వరం ఒక్కటే హెచ్చరిక. చీము పట్టాలన్నా తెల్లకణాలు కావాలి, అవే లేనప్పుడు పుండు ఎర్రబడదు, దగ్గులో కళ్లె రాదు. థర్మామీటరు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపితే వెంటనే నర్సును పిలవాలి, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఇది ఇంట్లో నడిచే నెలలకూ వర్తిస్తుంది. అప్పుడు అర్ధరాత్రి జ్వరం వస్తే “పొద్దున చూద్దాం” అనకూడదు. పారాసిటమాల్ వేసి జ్వరాన్ని కప్పేయకూడదు. గల్లీ చివర దవాఖానాలో సూది వేయించకూడదు, ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి కండలో సూది గుచ్చితే లోపల రక్తం గూడుకడుతుంది. ఏ ఆస్పత్రికి వెళ్లాలో, ఎవరి ఆటో అర్ధరాత్రి వస్తుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకోండి.

ఈ రోజుల్లో మన పద్ధతులు కొన్ని అడ్డం వస్తాయి. మన దగ్గర పేషెంటును పలకరించకపోతే తప్పు పడతారు. పది మంది వస్తారు, మంచం మీద కూర్చుంటారు, చేయి పట్టుకుంటారు, ఇంటి నుంచి శెంగా చట్నీ, జొన్న రొట్టె కట్టించుకొస్తారు. వాళ్ల ప్రేమలో వంక లేదు. కానీ ఒక్కరి జలుబు చాలు. తోడుగా ఒక్కరే ఉండాలి, మార్చుకున్నా ఇద్దరికి మించకూడదు. లోపలికి వచ్చిన ప్రతిసారీ చేతులు కడగాలి. గట్టి జొన్న రొట్టె, కారం నోటి పూతను చీరేస్తాయి, జావ, పల్చటి పెసరపప్పు, మెత్తటి అన్నం గొంతు దిగుతాయి. అదీ దిగనప్పుడు నరంలోంచి ఆహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. తినలేదని బతిమాలి, ఏడిపించి, దేవుడి మీద ఒట్టు పెట్టి తినిపించొద్దు. నారళీ పున్నమికి మార్కండేయుడి రథం ఊరేగే రోజు సోలాపూర్‌లో పద్మశాలీ ఇళ్లన్నీ వీధిలోనే ఉంటాయి. యముణ్ణి ఎదిరించి నిలిచిన బాలుడి రథాన్ని చూడాలని ఈ రోగికి అందరికన్నా ఎక్కువ కోరిక ఉంటుంది. గుంపులోకి తీసుకెళ్లకుండా, ఆ ఏడాదికి ఫోన్లో వీడియో చూపించండి.

రాదలచుకున్న పది మందికి ఒక పని ఉంది. ప్లేట్‌లెట్లు పదివేల దగ్గరికి పడిపోతే ఎక్కించాలి. వాటిని ఫ్రిజ్‌లో దాచలేం. గది వేడిమిలో యంత్రం మీద ఊపుతూ ఉంచినా ఐదు రోజులకు మించి నిలవవు. అంటే ఎప్పటికప్పుడు కొత్తగా ఇచ్చేవాళ్లు కావాలి. పరదేశం లాంటి ముంబైలో చివరి నిమిషంలో దాతల కోసం వెతకడం నరకం. ముందే చుట్టాల్లో, కార్ఖానా తోటివాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేర్లు, రక్తం గ్రూపులు రాసుకుని ఎవరు ఏ రోజు వస్తారో ఖాయం చేసుకోండి. పలకరింపుకు రైలెక్కే బావమరిది ప్లేట్‌లెట్లు ఇచ్చి వెళ్తే అంతకు మించిన పలకరింపు లేదు. ఇంకొకరి కణాలతో మార్పిడి జరగబోయే రోగికి మాత్రం రక్తసంబంధీకుల రక్తం ఎక్కించే ముందు డాక్టరును తప్పక అడగాలి. దాతగా కలవగల తోబుట్టువు రక్తాన్ని ముందే ఎక్కిస్తే తర్వాత మార్పిడికి చిక్కు రావచ్చు.

తోడున్న మనిషి

మగ్గం పనికి, బీడీ పనికి నెల జీతం లేదు. చేసినంతకే కూలి. రోగికి తోడుగా కూర్చున్న ప్రతి రోజూ ఆ ఇంటికి రెండు కూలీలు పోతాయి. ఈ సంగతి ఆస్పత్రిలో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉండేది దీనికే, మొదటి రోజే వాళ్లను కలవాలి. మహాత్మా ఫులే జన్ ఆరోగ్య యోజన కింద ఏది వస్తుందో, ఏది రాదో వాళ్లే తేల్చి చెబుతారు. ఇంట్లో బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉంటే కేంద్ర కార్మిక శాఖ సంక్షేమ పథకంలో క్యాన్సర్ చికిత్సకు సాయం ఉంది, కుటుంబసభ్యులకూ వర్తిస్తుంది. అయితే కాగితాలు చికిత్సకు ముందే కదలాలి. ముంబైలో ఉండడానికి దాదర్‌లో గాడ్గే మహరాజ్ ధర్మశాల ఎన్నో ఏళ్లుగా టాటా రోగుల కుటుంబాలకు నీడనిస్తోంది.

తోడున్న మనిషి కూడా తినాలి, పడుకోవాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. మూడు రాత్రులు నిద్రలేని కూతురు నాలుగో రాత్రి థర్మామీటరు చూడడం మరచిపోతుంది, తనకే జలుబు తెచ్చుకుని గదిలోకి రాలేక బయట నిలబడుతుంది. వారానికోసారి ఇంకొకరు వచ్చి మార్చుకునేలా ఏర్పాటు ముందే ఉండాలి. ఆ రెండో మనిషికి కూడా ఈ లెక్కలన్నీ నేర్పి ఉంచాలి. రోజూ ఒక నోటు పుస్తకంలో జ్వరం, తాగిన నీళ్లు, మూత్రం, విరేచనాలు, తిన్నది, రక్తపరీక్ష అంకెలు రాస్తే తోడు మారేటప్పుడు అన్నీ అప్పగించడానికి అయిదు నిమిషాలు చాలు.

పన్నెండో రోజుకో, పద్నాలుగో రోజుకో ఆ పుస్తకంలో న్యూట్రోఫిల్ అంకె సున్నా దాటి 100, 300, 700 అని పెరగడం మొదలవుతుంది. వరసగా మూడు రోజులు 500 దాటితే కణాలు కుదురుకున్నాయని అర్థం. అక్కడి నుంచి నోటి పూత చూస్తుండగానే మానుతుంది. ఇంటికి పంపాక కూడా కొన్ని నెలలు గుంపులకు, దుమ్ముకు, బీడీ పొగాకుకు దూరంగా ఉండాలి. మగ్గం పనికి ఎప్పుడు వెళ్లాలో డాక్టరే చెప్పాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చిన్నప్పుడు వేసుకున్న టీకాల రక్షణ ఈ కీమోతో చాలావరకు చెరిగిపోతుంది. ఆరు నెలలు, ఏడాది మధ్య నుంచి న్యుమోనియా, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకాలను మళ్లీ మొదటి నుంచి వేస్తారు. తట్టు లాంటి బతికున్న క్రిమి టీకాలకు కనీసం రెండేళ్లు ఆగాలి. ఇంట్లో పసిబిడ్డకు పోలియో చుక్కలు వేయించే రోజు వస్తే ముందుగా మార్పిడి చేసిన డాక్టరుకు ఫోన్ చేయాలి. చుక్కల్లోని క్రిమి కొన్ని వారాలు బిడ్డ మలంలో వస్తుంది, ఆ రోజుల్లో తాతో నానమ్మో ఆ బిడ్డ గుడ్డలు మార్చకుండా చూసుకోవాలి.